జర్మన్ కొలనులో నువ్వుల నూనె

"ఆంటీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో థ్రిల్ ఏముంటుంది? రోజంతా మీటింగ్‌లేగా!" అని మొన్న అమెరికాలో మా పార్సిప్పనీ తెలుగు చర్చిలో, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి అంది. నాకు ఒళ్ళు మండింది. "ఇలా కూర్చో, చెప్తాను" అని బిర్యానీ ప్లేటు పక్కన పెట్టి మొదలుపెట్టాను. కానీ సగమే చెప్పగలిగాను. పక్కనే పాస్టరుగారు కూర్చున్నారు, నా కథలోనేమో బట్టల్లేని మనుషులు చాలామంది ఉన్నారు. మిగిలిన సగమూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళంతా చదవండి. నా సర్వీసు మొత్తంలో ఇంత ఉత్సాహంగా చెప్పుకోగలిగిన సంగతి ఇంకోటి లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను!

అప్పుడు నేను ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. ఆసుపత్రులకు మందులు పంపే ఒక జర్మన్ కంపెనీ గిడ్డంగుల కోసం మేం సాఫ్ట్‌వేర్ రాశాం. ఏ ఆసుపత్రి ఏ మందు అడిగింది, ఏ అరలోంచి తీసి పంపాలి అనేది అంతా అదే చూసుకోవాలి. దాన్ని జర్మనీ వెళ్ళి నడిపించి, వాళ్ళ డైరెక్టర్ చేత సరేననిపించుకుని, అంటే సైన్‌ఆఫ్ తీసుకుని, రావాలి. వెళ్ళింది ఇద్దరం. నేనూ, ఆ సాఫ్ట్‌వేర్‌లో ముప్పాతిక భాగం రాసిన మా కరీంనగర్ తమ్ముడూ. సొంత తమ్ముడు కాదు. ఆఫీసులో చేరిన మొదటి రోజే నన్ను "అక్కా" అన్నాడు, అంతే, ఇక తమ్ముడే.

నాకు అమెరికా పౌరసత్వం ఉంది. ప్రాజెక్ట్ పోతే నాకు పోయేదల్లా కాస్త పరువు. తమ్ముడి సంగతి అది కాదు. అతనిది హెచ్-వన్ బి వీసా. గ్రీన్ కార్డ్ కాయితాలు సగంలో ఉన్నాయి. ఈ ప్రాజెక్ట్ పోతే కంపెనీలో అతన్ని పెట్టడానికి ఇంకో ప్రాజెక్ట్ లేదు. ఉద్యోగం పోతే వీసా, వీసా పోతే పార్సిప్పనీ అపార్ట్‌మెంటూ, కూతురి బడీ, అన్నీ సర్దుకుని బయల్దేరడమే. విమానం ఎక్కేముందు మా బాస్ ఫోన్ చేసి, "మేడమ్, స్పా హోటల్ అంట, బాగా ఎంజాయ్ చేయండి. కానీ సైన్‌ఆఫ్ లేకుండా మాత్రం రావద్దు" అన్నాడు. తమ్ముడు ఆ మాట విని ఫ్లైట్‌లో భోజనం కూడా ముట్టలేదు.

హోటల్ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. నడి ఊళ్ళో ఉంది, ముందు ట్రామ్‌లు తిరుగుతుంటాయి. కింద భూమిలోంచి వేడినీళ్ళు ఉబికి వస్తాయట, వాటి మీదే కట్టారు. లోపలికి అడుగుపెట్టగానే లిఫ్ట్‌లోంచి నలుగురు ముసలివాళ్ళు తెల్ల గౌనుల్లో, రబ్బరు చెప్పుల్లో దిగారు. "ఇదేంటి తమ్ముడూ, ఆసుపత్రిలో దిగామా?" అన్నాను. కాదట, స్నానాలకు వెళ్తున్నారట. గదిలో ఏసీ లేదు, కిటికీ తీసుకోవాలి. పెద్ద మంచం ఒకటే, దాని మీద విడివిడిగా మడతపెట్టిన రెండు చిన్న బొంతలు! మొగుడూ పెళ్ళాం ఎవరి బొంత వాళ్ళు కప్పుకుంటారన్నమాట. దుప్పటి లాక్కునే గొడవే లేదు, ఆ ఏర్పాటు నాకు తెగ నచ్చింది. మంచినీళ్ళు మాత్రం దారుణం. సీసా మూత తీస్తే సోడాలా బుస్సుమంటాయి. పొద్దున్న ఫలహారంలో లెక్కలేనన్ని రకాల రొట్టెలు, ఉడికించిన గుడ్డుకి చల్లారకుండా ఒక ఊలు టోపీ! ఆ టోపీ చూసి నేనూ తమ్ముడూ పడీపడీ నవ్వాం. అతను రొట్టె మీద వెన్న రాసి, పైన ఇంటినుంచి తెచ్చిన కారప్పొడి చల్లుకుని తిన్నాడు.

ఇక మొదటి సాయంత్రం సంగతి. "వేడినీటి కొలను చూసొద్దాం" అని గదిలో ఇచ్చిన తెల్ల గౌను వేసుకుని, నడుం దగ్గర రెండు ముళ్ళు వేసుకుని కిందికి దిగాను. కొలను ఎటో తెలియక ఒక చెక్క తలుపు తీశాను. లోపల ఆవిరిగది, దాని చెక్క మెట్ల మీద ఆడా మగా కలిసి కూర్చుని ఉన్నారు. ఒంటి మీద నూలుపోగు లేదు! తువ్వాళ్ళు ఉన్నాయి గానీ కింద పరుచుకుని కూర్చున్నారు. ప్రభువా! నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో పై మెట్టు మీదనుంచి, "గుడ్ ఈవినింగ్! లోపలికైనా రండి, తలుపైనా వేయండి, వేడి పోతోంది" అని ఇంగ్లీషులో తెలిసిన గొంతు. చూద్దును కదా, ఆ జర్మన్ కంపెనీ డైరెక్టరమ్మ! పొద్దున్నే బూడిదరంగు సూట్‌లో, మెడ దాకా గుండీలు పెట్టుకుని, మా ప్లాన్‌లో తప్పులు వెతికిన మనిషి. ఆఫీసు అయ్యాక రోజూ ఇక్కడికే వస్తుందట. ఆవిరిగదిలో బట్టలు వేసుకోకపోవడమే అక్కడి మర్యాద. "రేపు కలుద్దాం" అని ఎలా అన్నానో, ఎప్పుడు గదిలో పడ్డానో నాకే తెలియదు.

మర్నాడు మీటింగ్‌లో ఆవిడ మొహం చూడలేక నేను టేబుల్ వైపు చూస్తూ మాట్లాడాను. ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "మా దగ్గర దాచడానికి ఏమీ ఉండదు" అని నవ్వింది. ఆవిరిగది గురించే అంటోందనుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మన కంపెనీల్లో వారం వారం క్లయింట్‌కి స్టేటస్ పంపుతాం కదా. పని బాగుంటే గ్రీన్, అనుమానం ఉంటే ఎల్లో, మునిగిపోతే రెడ్. మనవాళ్ళు గ్రీన్ తప్ప వేరే రంగు పెట్టగా నేను చూడలేదు. మనకి గ్రీన్ అంటే పని అయిపోయిందని కాదు, ఎలాగోలా చేసేస్తాంలే అని. "కాదు", "తెలియదు" అనే మాటలు మన నోటికి రావు. శని ఆదివారాలు కూర్చుని, నిద్ర మానుకుని, క్లయింట్‌కి తెలిసేలోగా సరిచేసేస్తాం. చాలాసార్లు చేశాం కూడా. అందుకే ఆ ధీమా.

ఆ శుక్రవారం ఒక తప్పు బయటపడింది. రెండు ఆసుపత్రులు ఒకే క్షణంలో ఒకే మందు అడిగితే, గిడ్డంగిలో ఉన్న ఒకే ఒక్క పెట్టెను సాఫ్ట్‌వేర్ ఇద్దరికీ రాసిచ్చేస్తోంది. ఎప్పుడూ కాదు, ఎప్పుడో ఒకసారి. ఎందుకో అంతు చిక్కడం లేదు. సోమవారం నుంచి గిడ్డంగుల్లో అసలు పని దీనితోనే మొదలవ్వాలి.

"అక్కా, ఎల్లో పెడదాం" అన్నాడు తమ్ముడు.

"ఎల్లో పెడితే వంద ప్రశ్నలు వేస్తారు. ఆవిడ సంగతి నీకు తెలీదా? గ్రీన్ పెట్టెయ్. వీకెండ్‌లో చూసుకుందాం."

"దొరకకపోతే?"

"దొరుకుతుందిలే. నీకు దొరకని బగ్ ఉందా?"

అతను లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. గ్రీన్ పెట్టాడు. నాకన్నా అతనికే భయం ఎక్కువ, ఆ భయాన్ని నేను వాడుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది గానీ అప్పుడు అది మేనేజ్‌మెంట్ అనుకున్నాను.

శనివారం వాళ్ళ ఆఫీసుకి తాళం. వారాంతంలో పని చేయడం అక్కడ మర్యాద కాదు. తమ్ముడు హోటల్ గదిలోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని వచ్చాడు.

"దొరకలే అక్కా. తల మొత్తం వేడెక్కింది, మెడ పట్టేసింది. మా ఇంటామె నువ్వుల నూనె పెట్టింది. జెర తలంటుకుంట."

"మంచిది, పో. తలంటుకుంటే బుర్ర పనిచేస్తుంది" అన్నాను. ఎక్కడ అని అడగలేదు. తలంటు అంటే ఎవరైనా బాత్రూమ్‌లోనే కదా అనుకుంటారు! కానీ తమ్ముడి లెక్క వేరు. భూమిలోంచి ఇన్ని వేడినీళ్ళు తన్నుకొస్తుంటే గదిలో షవర్ కింద నిలబడ్డం ఏమిటి అనుకున్నాడు. స్పా అంటే నూనె, వేడినీళ్ళేగా అనుకున్నాడు. నెత్తి మొదలుకుని పాదాల దాకా పట్టించి, గౌను వేసుకుని, కిందికి దిగాడు.

నేను అప్పటికే కొలను ఒడ్డున పడక కుర్చీలో ఉన్నాను. కొలనులో మాత్రం ఈత దుస్తులు వేసుకుంటారు, కాబట్టి అక్కడ నాకు ధైర్యమే. డైరెక్టరమ్మ ఆ చివరనుంచి ఈ చివరకి ఈదుతోంది. నలుగురైదుగురు తలనెరిసిన ఆడవాళ్ళు మెడదాకా నీళ్ళలో మునిగి కబుర్లాడుకుంటున్నారు. తమ్ముడు వచ్చాడు. నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా నిగనిగా మెరిసిపోతున్నాడు. ఇదేంట్రా బాబూ అని నేను లేచేలోపే మెట్లు దిగి, "అబ్బ! మంచిగున్నదక్కా!" అంటూ బుడుంగున మునిగాడు.

కాసేపటికి నీళ్ళ మీద రంగురంగుల పొర తేలింది. అలా అలా పాకుతూ ఆ ముసలమ్మల దగ్గరికి చేరింది. ఒకావిడ చెయ్యి పైకెత్తి చూసుకుంది, వేళ్ళు రుద్ది చూసుకుంది, వాసన చూసింది. నాకు ఒడ్డుదాకా వచ్చింది ఆ వాసన. మా అమ్మమ్మ శనివారం సాయంత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి మాడు అదిరేట్టు అంటిన వాసన! ఇంతలో గట్టిగా విజిల్. అందర్నీ బయటికి రమ్మన్నారు. హోటల్ వాళ్ళు ఉరుకులు పరుగుల మీద వచ్చి, నీళ్ళలోకి వంగి చూసి, వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. పక్కావిడ నాకు ఇంగ్లీషులో చెప్పింది. కింద పంపులోంచి యంత్రం నూనె కారుతోందని వాళ్ళ అనుమానమట. మెకానిక్‌ని పిలిచి మొత్తం విప్పించాలట.

చెప్పొద్దూ, నా గుండె తేలికపడింది! ఎవరూ చూడలేదు. తమ్ముడు ఒడ్డున తువ్వాలు కప్పుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నోరెత్తకుండా పైకి పద. పంపు అనుకుంటున్నారు. అనుకోనీ."

"గాళ్ళు మిషన్ ఇప్పుతరా?"

"ఇప్పుకోనీవయ్యా! ఆవిడ ఇక్కడే ఉంది. సోమవారం సైన్‌ఆఫ్. నీ సంగతి నువ్వు చూసుకో."

నాలుగడుగులు వచ్చాడు. లిఫ్ట్ బటన్ నొక్కాను. అక్కడ ఆగిపోయాడు.

"కాదక్కా. మనం జేసిన దానికి గాళ్ళ పంపు ఎందుకు ఇప్పాలె?" అని వెనక్కి తిరిగాడు. పట్టుకుందామంటే చెయ్యి నూనె, జారిపోయింది!

నేరుగా ఆ హోటల్ మనిషి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. "సార్, నాట్ యువర్ పంప్. ఇట్ ఈజ్ మీ. సెసమీ ఆయిల్. ఇన్ మై హోమ్ వుయ్ పుట్ ఆన్ హెడ్, దెన్ హాట్ వాటర్. వెరీ సారీ" అని, నమ్మరేమోనని తల వంచి జుట్టు పిండి చూపించాడు. చుక్కలు టపటపా గచ్చు మీద పడ్డాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో ఇందాకటి ముసలమ్మ దగ్గరికొచ్చి, "మీ జుట్టు చాలా ఒత్తుగా ఉంది. దీనివల్లేనా?" అని అడిగింది! తమ్ముడు, "యెస్ మేడమ్, ఎవ్రీ వీక్" అన్నాడు. ఆవిడ తన చేతికంటిన నూనె తీసి నెత్తికి రాసుకుంది.

అప్పుడు డైరెక్టరమ్మ వచ్చింది. తల తుడుచుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరూ అడగలేదు. అయినా చెప్పారు" అంది.

"యెస్ మేడమ్."

"అయితే నేను ఒకటి అడుగుతాను. సోమవారానికి మన సిస్టమ్ సిద్ధంగా ఉందా?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే గ్రీన్, గ్రీన్ అని మొత్తుకున్నాను. అతను తల తిప్పుకుని ఆవిడ వైపు చూశాడు. "నో మేడమ్. ఒక పెట్టె ఇద్దరికి పోతోంది. సమ్‌టైమ్స్. వై అనేది ఐ డోంట్ నో యెట్."

ఆవిడ నెమ్మదిగా నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

ఒక్క మాట చాలు. "అలిసిపోయాడు మేడమ్, అంతా బాగానే ఉంది" అంటే సరిపోయేది. అలాంటి మాటలు నేను ఎన్ని మీటింగ్‌లలో అన్నానో! నోటిదాకా వచ్చింది. కానీ ఆ నూనె ఓడుతున్న తల చూశాను. పెళ్ళాం పిల్లల బతుకంతా అక్కడ గచ్చు మీద నిలబెట్టి నిజం చెప్పాడు మనిషి. ఇప్పుడు నేను కాదంటే అతన్ని నేనే తోసేసినట్టు.

"అతను చెప్పింది నిజం. గ్రీన్ పెట్టమన్నది నేను" అన్నాను.

"సోమవారం మాట్లాడదాం" అని ఆవిడ వెళ్ళిపోయింది. కోపమో, మరేమిటో, ఆ మొహంలో ఏమీ కనపడలేదు.

ఆదివారం ఎలా గడిచిందో అడక్కండి. ఊరంతా బంద్, కొట్లు బంద్, మా వల్ల కొలను కూడా బంద్. నీళ్ళన్నీ తోడేసి కడుగుతున్నారు. గౌనుల్లో కిందికి దిగినవాళ్ళు బోర్డు చూసి వెనక్కి పోతుంటే మాకు మొహం చెల్లలేదు. బాస్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మేడమ్! స్పాకి వెళ్ళి ప్రాజెక్ట్‌ని ముంచొచ్చారా? రేపు అతన్ని మీటింగ్‌కి తీసుకెళ్ళకండి. ఫిక్స్ అయిపోయిందని మీరే చెప్పేయండి. వెనక్కి వచ్చాక అతని సంగతి చూద్దాం."

"సార్, చూడాలనుకుంటే ఇద్దరి సంగతీ చూడండి" అని పెట్టేశాను. బాస్ ముందు అంత మాట అనడం నాకు అదే మొదలు. లోపల ఒకటే హుషారు! నెత్తి మీద బరువు దించినట్టు ఎంత హాయిగా ఉందో!

తమ్ముడు మాత్రం వరండాలో కూర్చుని కూతురితో వీడియో కాల్‌లో ఉన్నాడు. "డాడీ, ఎప్పుడు వస్తావ్? మై స్కూల్ ప్లే ఫ్రైడే కదా" అంటోంది. "వస్త బేటా, వస్త" అంటున్నాడు. ఇంట్లో ఏమీ చెప్పలేదట. ఫోన్ పెట్టేసి, "అక్కా, నేను తప్పు జేసిన్నా?" అన్నాడు. "నూనె విషయంలోనా?" అన్నాను. అంత దిగుల్లోనూ ఇద్దరం నవ్వాం.

సోమవారం. మీటింగ్ గదిలో బూడిదరంగు సూటు, మెడ దాకా గుండీలు. ఆవిడ పక్కన వాళ్ళ గిడ్డంగి ఇంజనీర్. మేం కూర్చున్నాం.

"ఆ తప్పు సంగతి మాకు గురువారమే తెలుసు" అంది.

నేను నోరెళ్ళబెట్టాను.

"మా ఇంజనీర్ పట్టుకున్నాడు. మీరు చెప్తారేమోనని ఎదురుచూశాను. శుక్రవారం గ్రీన్ వచ్చింది. ఈ రోజు కూడా గ్రీన్ చూపిస్తే మీతో ఒప్పందం ఇక్కడితో ఆపేద్దామని నిర్ణయించుకున్నాను. మందుల వ్యవహారం ఇది. తప్పులు అందరూ చేస్తారు, నేను భరించగలను. తప్పు కనపడనివ్వని వాళ్ళతో నేను పనిచేయలేను." తమ్ముడి వైపు తిరిగింది. "మీరు ఇక్కడ ఉండి మా ఇంజనీర్‌తో కలిసి దీన్ని సరిచేయండి. అయ్యాకే మొదలుపెడదాం. మీ కంపెనీకి నా షరతు ఒక్కటే, ఈ ప్రాజెక్ట్ నుంచి ఈయన్ని మార్చకూడదు."

తమ్ముడు గబగబా తలూపాడు. టేబుల్ కింద నా చెయ్యి పట్టుకున్నాడు. నేనైతే, సిగ్గెందుకు, ఏడ్చేశాను. నాలోని మేనేజర్‌కి అంతకుముందు ఎవరూ ఏడవడం నేర్పలేదు.

తప్పు దొరికింది. వాళ్ళ ఇంజనీరూ ఇతనూ పక్కపక్కన కూర్చుని పట్టుకున్నారు. కూతురి నాటకానికి మాత్రం తమ్ముడు అందుకోలేకపోయాడు, వీడియోలో చూశాడు. వెనక్కి వచ్చాక మా బాస్ అందరికీ, "మా కంపెనీలో ట్రాన్స్‌పరెన్సీ ఎక్కువ" అని చెప్పుకుని తిరిగాడు. నేను రిటైరయ్యేదాకా నా స్టేటస్‌లలో ఎల్లోలు, రెడ్లు కనకాంబరాల్లా పూశాయి. ఎవరూ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు.

మొన్న వేసవిలో తమ్ముడి దగ్గరనుంచి వీడియో కాల్ వచ్చింది. గ్రీన్ కార్డ్ చేతికి వచ్చిందట. వచ్చిన సంతోషంలో పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని ఆ ఊరే వెళ్ళాడు, ఆ హోటల్‌లోనే దిగాడు. కూతురు ఇప్పుడు కాలేజీ పిల్ల. ఫోన్ లాక్కుని కొలను గోడ మీద ఒక బోర్డు చూపించింది. దాని మీద వరసగా బొమ్మలు. పరుగెత్తకూడదు, దూకకూడదు. చివర్లో కొత్తగా చేర్చినట్టున్న ఒక నూనె సీసా, దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

"ఆంటీ, లుక్! డాడ్ ఇక్కడ ఫేమస్!" అని విరగబడి నవ్వుతోంది. నేనూ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాను.

తమ్ముడు ఫోన్ తీసుకున్నాడు. జుట్టు కాస్త పల్చబడింది. గొంతు తగ్గించి, నేనేమీ అడక్కముందే, "అక్కా, సీసా తెచ్చుకున్న. ఈసారి రూమ్‌ల షవర్ కిందనే" అన్నాడు.